డిపెండెన్సీ ఎర్రర్‌ని తోసేయకండి, అది చెప్పేది చదవండి

లైనక్స్ సర్వర్ అప్‌గ్రేడ్ సగంలో ఆగి, తెర మీద "అన్‌మెట్ డిపెండెన్సీస్" అన్న మాట, అంటే ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి కావాల్సిన ఇంకో ప్యాకేజీ దొరకలేదని, పడగానే చాలామంది ఆ లైన్ కాపీ చేసి గూగుల్‌లో వేస్తారు. పైన వచ్చిన జవాబుల్లో ఏదో ఒక ఫోర్స్ కమాండ్, అంటే హెచ్చరికను పట్టించుకోకుండా బలవంతంగా ఇన్‌స్టాల్ చేసేది, దొరుకుతుంది. పేస్ట్ చేస్తే ఎర్రర్ మాయమవుతుంది, అప్‌గ్రేడ్ ముందుకు కదులుతుంది, టికెట్ క్లోజ్ అవుతుంది. ఈ పద్ధతి తప్పని నేను గట్టిగా నమ్ముతాను. డిపెండెన్సీ ఎర్రర్ వచ్చిందంటే సర్వర్ చెడిపోయిందని కాదు. రెండు ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగవని ప్యాకేజీలను తెచ్చి పెట్టే ప్యాకేజీ మేనేజర్ ముందే కనిపెట్టి, ఏదీ పాడవకముందే ఆగింది. ఆ ఆగడమే మనకున్న రక్షణ. దాన్ని తోసేసి వెళ్తే గొడవ పోదు, ఇంకో రోజుకు వాయిదా పడుతుంది, అంతే. ఆ ఇంకో రోజు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు.

నేను ఎక్కువగా చూసేది డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల సర్వర్లే కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. రెడ్ హ్యాట్ లైనక్స్ వైపు ప్యాకేజీ మేనేజర్‌గా యమ్ పోయి డీఎన్ఎఫ్ వచ్చింది, కమాండ్లు వేరు, కానీ కథ అదే.

డెబియన్‌లో పని ఇద్దరి మధ్య పంచి ఉంటుంది. డీపీకేజీ అనేది ప్యాకేజీని విప్పి, ఫైళ్లను వాటి చోట్లలో పెట్టి, ఏం పెట్టిందో రాసుకుంటుంది. ఆప్ట్ దాని పైన కూర్చుని, ఏ ప్యాకేజీ ఎక్కడి నుంచి తేవాలి, దేనికి ముందు ఏది రావాలి, ఏది తీసేయాలి అని నిర్ణయిస్తుంది. ఏ ప్యాకేజీ ఏ వెర్షన్‌లో ఉందన్న లెక్కని డీపీకేజీ స్టేటస్ అనే ఫైల్‌లో రాసుకుంటుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలు, ఎవరైనా తెరిచి చదవచ్చు. సర్వర్‌లో ఏ ప్యాకేజీలు ఉన్నాయో చెప్పే అధికారిక రికార్డు అదే. ఊళ్లో అడంగల్‌లో ఒకరి పేరుండి, పొలం ఇంకొకరి సాగులో ఉంటే ఆ రోజు ఏ గొడవా రాదు. అమ్మకానికో, బ్యాంకు లోనుకో వెళ్లిన రోజు వస్తుంది. ఫోర్స్ కమాండ్ చేసేది కూడా ఇదే. రికార్డులో ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయిందని ఉంటుంది, దానికి కావాల్సిన వెర్షన్ మాత్రం డిస్క్ మీద ఉండదు. ఆ రోజుకు సర్వర్ బాగానే నడుస్తుంది. తర్వాతి సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చినప్పుడు ఆప్ట్ ఆ పొసగని లెక్క దగ్గరే ఆగిపోతుంది.

ఇక్కడ ఎర్రర్ మెసేజ్ తరఫున కాదు, దాన్ని చదవలేక టెన్షన్ పడేవాళ్ల తరఫున ఒక మాట చెప్పాలి. ఆప్ట్ ఇచ్చే మెసేజ్ నిజంగానే తికమకగా ఉంటుంది. "యూ హ్యావ్ హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్" అంటుంది. మనమే ఏదో ప్యాకేజీని హోల్డ్‌లో (మారకుండా ఆపి) పెట్టామనుకుని, అలాంటివి చూపించే ఆప్ట్-మార్క్ షోహోల్డ్ కొడితే ఖాళీగా వస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆప్ట్ ఒక పరిష్కారం కోసం వెతికి, దొరక్క ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో ఆ పై పొర మాత్రమే మనకు చూపిస్తుంది. ఇందులో ఆప్ట్ రాసినవాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు. ఒక ప్యాకేజీని దాని డిపెండెన్సీలతో సహా ఇన్‌స్టాల్ చేయగలమా అన్న ప్రశ్న ఎన్‌పీ-కంప్లీట్ అని యూరప్‌లోని ఎడోస్ ప్రాజెక్టు పరిశోధకులు 2000ల మధ్యలోనే నిరూపించారు. అంటే అన్ని సందర్భాల్లోనూ వేగంగా ఛేదించే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియని సమస్యల వర్గంలోది. రోజూ మనం చూసే సందర్భాల్లో ఆప్ట్ క్షణాల్లో జవాబు చెప్పేస్తుంది కాబట్టి దాని కష్టం మనకు తెలియదు. ఓపెన్‌సూసె అనే ఇంకో లైనక్స్ వాళ్లు 2008లోనే 11.0 వెర్షన్‌తో శాట్ సాల్వర్ అనే గణిత పద్ధతికి మారారు. డెబియన్ 13తో వచ్చిన ఆప్ట్ 3.0లో కూడా కొత్త సాల్వర్ ఉంది. మెసేజ్‌లు మెల్లగా మెరుగవుతున్నాయి. అప్పటిదాకా లోపలికి దిగడం మన పని.

దిగడం అంటే ఇలా. 'క' అనే ప్యాకేజీకి 'చ' కావాలి, కానీ అది ఇన్‌స్టాల్ కావడం లేదు అని ఆప్ట్ అంటుంది. అప్పుడు 'క' సంగతి వదిలేసి 'చ'ని పేరు పెట్టి ఇన్‌స్టాల్ చేయమనాలి. ఇంకో పొర విప్పుతుంది: 'చ'కి 'ట' కావాలట. 'ట'ని అడగాలి. ఇలా దిగుతూ పోతే ఒకచోట మాట మారుతుంది. "ఇన్‌స్టాల్ కావడం లేదు" అనే చోట "ఫలానా వెర్షన్ కావాలి, కానీ వేరే వెర్షన్ ఉంది" అని అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలే అసలు ఎర్రర్. ఇక ఆ ప్యాకేజీ పేరుతో ఆప్ట్-క్యాష్ పాలసీ కొడితే, ఇప్పుడు ఏ వెర్షన్ ఉంది, ఏది రావాలి, ఏ రిపాజిటరీలో (ప్యాకేజీలు దొరికే ఆన్‌లైన్ నిల్వలో) ఏది దొరుకుతోంది అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. ఇప్పుడున్న వెర్షన్ పక్కన ఏ రిపాజిటరీ పేరూ లేకుండా స్టేటస్ ఫైలు దారి మాత్రమే ఉంటే, ఆ ప్యాకేజీకి ఇప్పుడు ఊరూ పేరూ లేవన్నమాట. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ దారి మూసుకుపోయింది.

ఒక సర్వర్ సంగతి చెప్తాను. బిల్లింగ్ అప్లికేషన్ నడిచే డెబియన్ 11 మెషీన్. డెబియన్ 12కి తీసుకెళ్లాలి. డెబియన్ 11తో వచ్చేది పీహెచ్‌పీ (వెబ్ ప్రోగ్రామింగ్ భాష) 7.4, అప్లికేషన్‌కి మాత్రం 8.1 కావాల్సి వచ్చి, ఎప్పుడో బయటి రిపాజిటరీ కలిపారు. అందులో తప్పేమీ లేదు, అందరూ చేసేదే. అప్‌గ్రేడ్‌కి ముందు నియమం ప్రకారం ఆ రిపాజిటరీని ఆపేసి మొదలుపెట్టాం. లిబ్‌జీలిబ్2.0-డెవ్ అనే ప్యాకేజీ దగ్గర బండి ఆగింది. దిగుతూ పోతే తేలింది ఇది: జీలిబ్ అనే లైబ్రరీ (ప్రోగ్రాములు పంచుకునే కోడ్) డెవలప్‌మెంట్ ప్యాకేజీ, అంటే దాన్ని వాడి ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి కావాల్సింది, డెబియన్ 11లో పాత పీసీఆర్ఈ లైబ్రరీ మీద ఆధారపడేది, 12లో పీసీఆర్ఈ2కి మారింది. కాబట్టి కొత్తగా లిబ్‌పీసీఆర్ఈ2-డెవ్ రావాలి. దానికి లిబ్‌పీసీఆర్ఈ2-8-0 అనే లైబ్రరీ సరిగ్గా 10.42-1 వెర్షనే కావాలి, ఎక్కువా కుదరదు, తక్కువా కుదరదు. మెషీన్‌లో ఉన్నది కూడా 10.42-1 లాగే ఉంది, కానీ దాని వెనక ఒక ప్లస్ గుర్తు, సున్నా, టిల్డా (~), ఒక తేదీ తోకగా ఉన్నాయి. పీహెచ్‌పీతో పాటు అదే బయటి రిపాజిటరీ నుంచి ఈ లైబ్రరీ కూడా వచ్చింది. పీహెచ్‌పీ తెచ్చుకున్న రోజున ఆ సంగతి ఎవరూ గమనించరు, గమనించాల్సిన అవసరమూ కనిపించదు.

ఆ తోక ఎందుకు ముఖ్యమో చెప్పాలి. డెబియన్ వెర్షన్లను పోల్చే పద్ధతిలో ఏమీ లేకపోవడం కంటే ప్లస్ గుర్తు పెద్దది, టిల్డా చిన్నది. అందుకే 1.0 వెనక టిల్డా పెట్టి ఆర్‌సీ1 (విడుదలకు ముందు వచ్చే పరీక్ష వెర్షన్) అని రాస్తే అది అసలు 1.0 కంటే ముందుది అవుతుంది. ఈ లైబ్రరీకి ప్లస్ తగిలింది కాబట్టి ఆప్ట్ దృష్టిలో అది డెబియన్ 12లో ఉన్న దానికంటే కొత్తది. ఆప్ట్ తనంతట తాను వెనక్కి పోదు. ముందుకు పోవడానికి కొత్తదేమీ లేదు. రెండింటి మధ్య ఇరుక్కుని ఆగింది. నిజానికి లోపలి కోడ్ ఒకే అప్‌స్ట్రీమ్ (అసలు రాసినవాళ్లు విడుదల చేసిన) వెర్షన్, తేడా తోకలోనే.

ఇప్పుడు ఏం చేయాలి? డిపెండెన్సీలు పట్టించుకోకుండా ఇన్‌స్టాల్ చేసే ఫోర్స్ ఆప్షన్ కొడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత ఆప్ట్‌తో ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా ఎర్రర్ వస్తూనే ఉంటుంది. మేం ముందు అడిగిన ప్రశ్న వేరు: ప్రొడక్షన్ సర్వర్‌లో డెవలప్‌మెంట్ ప్యాకేజీ ఎందుకుంది? ఎప్పుడో ఒక ఇమేజ్ లైబ్రరీని కంపైల్ చేయడానికి వేశారు. ఆ పని ఏనాడో అయిపోయింది. దాన్ని తీసేస్తే గొడవ అక్కడికక్కడే పోయింది. కానీ ఊరూ పేరూ లేని లైబ్రరీ ఇంకా లోపలే ఉంది కదా. అందుకని వెర్షన్ పేరు పెట్టి, సమానం గుర్తుతో 10.42-1ని స్పష్టంగా ఇన్‌స్టాల్ చేయించి, డెబియన్ దారికి తెచ్చాం. డౌన్‌గ్రేడ్‌ని డెబియన్ సాధారణంగా సమర్థించదు, ఆ మాట నిజం. డేటాబేస్ లాంటి వాటి జోలికి అలా పోకూడదు. అదే కోడ్ ఉన్న ఒక చిన్న లైబ్రరీ విషయంలో, ఏం చేస్తున్నామో తెలిసి చేస్తే భయం లేదు. పీహెచ్‌పీని డెబియన్ 12తో వచ్చే 8.2కి మార్చాం, అప్లికేషన్‌ని దాని మీద ముందే టెస్ట్ చేయించాం కాబట్టి. టెస్ట్ కాకపోయి ఉంటే అదే బయటి రిపాజిటరీని డెబియన్ 12 శాఖకు మార్చి కొనసాగించేవాళ్లం. ఏ దారైనా ఫర్వాలేదు. సగం అక్కడిది, సగం ఇక్కడిది అన్న పరిస్థితి ఉండకూడదు.

నేను చూసిన డిపెండెన్సీ గొడవల్లో చాలా వరకు మూలం ఇలాంటిదే. కొత్త వెర్షన్ తప్పు కాదు, అప్‌గ్రేడ్ తప్పు కాదు. ఎప్పుడో వచ్చి చేరిన పరాయి ప్యాకేజీ ఒకటి ఇప్పుడు బయటపడింది.

ఇంకో పెద్ద భయం "ఈ ప్యాకేజీలు తీసివేయబడతాయి" అన్న జాబితా. అది చూడగానే చెయ్యి ఆగుతుంది, ఆగాలి కూడా. కానీ ఆ జాబితాలో ఉన్నవన్నీ ప్రమాదం కావు. డెబియన్ 13కి, ఉబుంటు 24.04కి వెళ్లేటప్పుడు లిబ్‌ఎస్ఎస్ఎల్3 పోతుందని చూపిస్తుంది. అది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ, అది లేకుండా సర్వర్ ఎలా నడుస్తుంది? అదే తెరలో కొత్తగా వచ్చే వాటి జాబితా చూస్తే లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 అని ఉంటుంది. 2038 జనవరి 19న 32 బిట్ల కాలం లెక్క నిండిపోతుంది. దానికోసం డెబియన్ వాళ్లు సమయాన్ని 64 బిట్లలోకి మార్చారు, ఆ మార్పు తగిలిన లైబ్రరీల పేర్ల చివర టీ64 చేర్చారు. 32 బిట్ల ఏఆర్ఎమ్ బోర్డుల మీద ఇది నిజమైన మార్పు. మనం వాడే 64 బిట్ల ఇంటెల్, ఏఎమ్‌డీ సర్వర్ల మీద మారింది దాదాపు పేరు మాత్రమే. పాత పేరు తీసి కొత్త పేరు పెట్టాలంటే తొలగింపు తప్పదు. ఉత్త ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్ కొత్త ప్యాకేజీలను తేదు, ఉన్నదాన్ని తీయదు. అందుకే "కెప్ట్ బ్యాక్" అని పెద్ద జాబితా వదిలేస్తుంది. అది ఎర్రర్ కాదు. డెబియన్ రిలీజ్ నోట్స్‌లో ముందు కొత్త ప్యాకేజీలు లేకుండా అప్‌గ్రేడ్, తర్వాత ఫుల్-అప్‌గ్రేడ్ అని రెండు అంచెలు రాసింది ఈ కారణానికే. తీసివేత జాబితాలో మన వెబ్‌సర్వరో, డేటాబేసో, కెర్నలో ఉంటే మాత్రం అక్కడే ఆగి, ఎన్ నొక్కి బయటికి రావాలి.

2021 నవంబరులో లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ చానెల్‌లో అందరూ చూసిన సంఘటన ఇదే. ఆ చానెల్ లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అనే లైనక్స్‌లో స్టీమ్ అనే గేముల సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోయారు. ప్యాకేజీల మధ్య పొరపాటు వల్ల ఆప్ట్ మొత్తం డెస్క్‌టాప్‌నే తీసేస్తానంది. "అవును, నేను చెప్పినట్టు చెయ్యి" అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేస్తేనే చేస్తానని హెచ్చరించింది కూడా. ఆయన టైప్ చేశారు, డెస్క్‌టాప్ పోయింది. తప్పు ఆయనదా, పాప్ ఓఎస్‌దా అని చాలా వాదనలు జరిగాయి. పాప్ ఓఎస్ ప్యాకేజీ తప్పు నిజమే, వాళ్లు సరిదిద్దారు. ఆప్ట్ రాసేవాళ్లు కూడా ఆ దారిని ఇంకా ఇరుకు చేశారు. నాకు మాత్రం అందులో కనిపించింది ఒకటే. ఎర్రర్ అంటే దాటాల్సిన అడ్డు అని అలవాటైన మనిషికి, అంత పెద్ద హెచ్చరిక కూడా ఇంకో అడ్డులాగే కనిపిస్తుంది. ఆ అలవాటు సర్వర్ దగ్గరికి వచ్చిందంటే పోయేది డెస్క్‌టాప్ కాదు, ఒక సంస్థ పని.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించే సలహా లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 గురించినది. డెబియన్ 12లో, ఉబుంటు 22.04లో అది లేదు, లిబ్‌ఎస్ఎస్ఎల్3 ఉంది. పాత డెబ్ ఫైల్‌గా (డెబియన్ ప్యాకేజీ ఫైల్‌గా) వచ్చిన ఏదో సాఫ్ట్‌వేర్ 1.1 కావాలని మొండికేస్తుంది. వెంటనే దొరికే సలహా: పాత రిలీజ్ నుంచి ఆ డెబ్ ఫైలు దించి డీపీకేజీతో వేసేయండి. ఇంకా ఘోరమైన సలహా, లిబ్‌ఎస్ఎస్ఎల్3 ఫైల్‌కి 1.1 పేరుతో సిమ్‌లింక్ (ఆ ఫైల్‌నే చూపించే మారుపేరు) పెట్టండి. లైబ్రరీ పేరులో అంకె మారిందంటే, పాత దాని కోసం కంపైల్ అయిన ప్రోగ్రామ్ కొత్త దానితో నడవదని రాసినవాళ్లే చెబుతున్నారు. సిమ్‌లింక్ పెడితే ఆ మాట అబద్ధమైపోదు. ఇక పాత డెబ్ సంగతి: ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కి అందరికీ ఇచ్చే సపోర్ట్ 2023 సెప్టెంబరు 11న ముగిసింది. చేత్తో వేసిన ఆ ఫైలుకి డెబియన్ 12 నుంచి ఏ సెక్యూరిటీ అప్‌డేటూ రాదు. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌ని ప్యాకేజీగా ఉంచుకున్నవాళ్లు ఆప్ట్ కొట్టి, సర్వీసులు రీస్టార్ట్ చేసుకుని, కీలు మార్చుకునే పనిలో పడ్డారు. ఎక్కడెక్కడో కాపీలు పెట్టుకున్నవాళ్లు ముందు అవి ఎక్కడున్నాయో వెతకడంతో మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీతో ఈ పని చేయడం ఏ గడువు కోసమూ సమర్థనీయం కాదు. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లని కొత్త బిల్డ్ అడగండి. ఇవ్వకపోతే దాన్ని వేరే మెషీన్‌లో, ఇంటర్నెట్‌కి దూరంగా పెట్టండి. సపోర్ట్ కోసం డబ్బు తీసుకుంటున్నవాళ్లు 2021లోనే వచ్చిన కొత్త లైబ్రరీ మీద కొత్త ప్యాకేజీ కట్టి ఇవ్వలేకపోవడం మనం మౌనంగా మోయాల్సిన బరువు కాదు.

దీనికి రెండు ఎదురు వాదనలు వింటుంటాను. మొదటిది: "అప్‌గ్రేడ్ ఎందుకు? కొత్త సర్వర్ కట్టి, డేటా మార్చేయొచ్చు, లేదంటే కంటైనర్లు వాడొచ్చు." వీలైనచోట అది మంచి పద్ధతే, నేనూ చేస్తాను. పాత, కొత్త రెండూ పక్కపక్కన ఉంటే మనసు కూడా ప్రశాంతంగా ఉంటుంది. కానీ కంటైనర్ అంటే అప్లికేషన్‌ని దానికి కావాల్సినవాటితో కలిపి కట్టిన పెట్టె, చాలా కంటైనర్ ఇమేజ్‌ల లోపల ఉన్నదీ డెబియనే. అక్కడ పరాయి రిపాజిటరీ కలిపితే అదే ఎర్రర్ బిల్డ్‌లో వస్తుంది. చోటు మారింది, గొడవ మారలేదు. పైగా చిన్న సంస్థల్లో ఒకే సర్వర్, ఒకే లైసెన్స్, రెండో మెషీన్‌కి బడ్జెట్ ఉండదు. వాళ్లని "పద్ధతి మార్చుకోండి" అని వదిలేయలేం.

రెండోది: "నడుస్తున్నదాన్ని కదపొద్దు." ఇది వినడానికి తెలివైన మాటలా ఉంటుంది. డెబియన్ ఒక రిలీజ్ నుంచి దాని వెంటనే ఉన్న రిలీజ్‌కి వెళ్లడాన్నే సమర్థిస్తుంది. 10 నుంచి నేరుగా 12కి దూకడం లేదు. కదపకుండా వదిలేసిన ప్రతి రిలీజూ తర్వాత విడిగా దాటాల్సిన ఒక మెట్టు. డెబియన్ 11కి ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) కూడా 2026 ఆగస్టు 31తో సరి. రెడ్ హ్యాట్ వైపు లైనక్స్ అయిన సెంటోస్ 7 వాడినవాళ్లకి ఇది ఇంకా బాగా తెలుసు. 2024 జూన్ 30న సపోర్ట్ అయిపోయాక మిర్రర్ జాబితాలు (ప్యాకేజీలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేవి) కూడా ఆగిపోయి, యమ్ ఒక చిన్న ప్యాకేజీ కూడా తేలేక నిలబడిపోయింది. రిపాజిటరీ చిరునామాలను వాల్ట్‌కి (పాత వెర్షన్ల నిల్వకి) మార్చుకుంటే తప్ప అడుగు పడలేదు.

ఫోర్స్ ఎప్పుడూ వద్దని నేను అనను. ఒక సందర్భం ఉంది. "ఈ ఫైలు మీద రాయబోతున్నాను, కానీ ఇది వేరే ప్యాకేజీది" అని డీపీకేజీ ఆగుతుంది. రెండూ డెబియన్ ప్యాకేజీలే అయి, ఫైలు ఒకదాని నుంచి ఇంకోదానికి మారిందని ఛేంజ్‌లాగ్‌లోనో బగ్ రిపోర్ట్‌లోనో కనిపిస్తే, ఆ ఒక్క ప్యాకేజీకి ఫోర్స్-ఓవర్‌రైట్ వాడటం సబబే. అది ప్యాకేజీ కట్టినవాళ్లు ఒక లైన్ రాయడం మర్చిపోవడం వల్ల వచ్చే ఎర్రర్. మనకు కారణం తెలుసు, ఆ పని ఒక్క ఫైలుకే పరిమితం.

ఇంకో రకం ఎర్రర్ డిపెండెన్సీలా కనిపిస్తుంది కానీ కాదు. "డిపెండెన్సీ ప్రాబ్లమ్స్, లీవింగ్ అన్‌కాన్ఫిగర్డ్" అంటూ తెర నిండా పేర్లు పరుగెడతాయి. అందులో నిజమైన తప్పు మొదటిదే, మిగతావన్నీ దాని వెనక క్యూలో ఆగినవి. టర్మ్ లాగ్ ఫైల్‌లో పైకి వెళ్లి మొదటి ఎర్రర్ వెతకాలి. చాలాసార్లు బూట్ పార్టిషన్ నిండిపోయి ఉంటుంది, లేదా ఒక సర్వీస్ కాన్ఫిగ్ తప్పు వల్ల స్టార్ట్ కాకపోయి ఉంటుంది. దాన్ని సరిచేసి డీపీకేజీతో మిగిలిన కాన్ఫిగరేషన్ పూర్తి చేయించి, ఆప్ట్ ఫిక్స్-బ్రోకెన్ కొడితే క్యూ అంతా కదులుతుంది.

మనలో చాలామందికి అప్‌గ్రేడ్ సమయం అమెరికా క్లయింట్ల శనివారం రాత్రి, అంటే మన ఆదివారం పొద్దున. ఇంట్లో కూర్చుని, ఇంటి ఇంటర్నెట్ మీద చేసే పని. కరెంటు పోయి సర్వర్‌తో కలిపే ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ తెగితే ప్యాకేజీలు సగం కాన్ఫిగర్ అయి ఉండిపోతాయి, కాబట్టి కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్‌లోనో స్క్రీన్‌లోనో తప్ప మొదలుపెట్టకూడదు. స్నాప్‌షాట్ (ఆ క్షణానికి సర్వర్ మొత్తం నకలు) తీసుకోవాలి, కానీ దానితో పాటు డేటాబేస్ బ్యాకప్ విడిగా ఉండాలి. ఎందుకంటే స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్తే ఆ తర్వాత వచ్చిన ఆర్డర్లూ, బిల్లులూ పోతాయి. ఇవి అందరికీ తెలిసినవే.

తక్కువమంది చేసేది ఇంకోటుంది, అది ముందురోజే చేయాల్సింది. ఆప్ట్ లిస్ట్‌కి టిల్డా, చిన్న ఓ అక్షరం ఇస్తే ఏ రిపాజిటరీలోనూ లేని ప్యాకేజీలన్నీ బయటపడతాయి. బయటి రిపాజిటరీలు ఇంకా ఆన్‌లో ఉంటే వాటిని ఆపి, ఆప్ట్ అప్‌డేట్ కొట్టాక చూడాలి, అప్పుడే అసలు జాబితా కనిపిస్తుంది. ప్రతి పేరు పక్కన మూడు సంగతులు రాస్తాను: ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి కావాలి, కొత్త రిలీజ్‌లో దీని చోట ఏముంటుంది. రెండో గడిలో ఎవరి పేరూ రాయలేకపోతే ఆ ప్యాకేజీని అప్‌గ్రేడ్‌కి ముందే తీసేస్తాను. కావాల్సిందే అయితే కొత్త రిలీజ్‌కి దాని బిల్డ్ ఉందో లేదో అప్పుడే చూస్తాను. లేదని తేలితే క్లయింట్‌కి శుక్రవారమే ఫోన్ చేసి, తేదీ మారుద్దామని చెప్తాను. అప్‌గ్రేడ్ అయ్యాక అదే కమాండ్ మళ్లీ కొట్టి, వచ్చిన జాబితాని పాత కాగితంతో పోల్చి, ఇంకా మిగిలినవాటిని టికెట్‌లో రాసి, ఆ తర్వాతే టికెట్ మూస్తాను.